ముగ్గురు మెంబర్ల భాగ్యం

ఒక నియోజకవర్గానికి ఒక్కడే పార్లమెంటు మెంబరు ఉండటమంత దరిద్రం మరొకటి లేదు!

మీరు నవ్వుతారు. మీకేం, మీకు ఒక్కడే. పని కాకపోతే ఆ ఒక్కడినే తిట్టుకోవాలి. ఆ ఒక్కడూ ఊళ్ళో లేకపోతే ఆ తిట్టు కూడా నోట్లోనే ఎండిపోతుంది. అదే ముగ్గురున్నారనుకోండి! ఒకడు సభలో కునుకు తీస్తున్నా, మరొకడు పెళ్ళిలో భోంచేస్తున్నా, మూడోవాడు ఎక్కడో ఒకచోట మైకు ముందు నిలబడే ఉంటాడు. ప్రజాస్వామ్యానికి క్షణం తీరిక ఉండదు.

అలాంటి భాగ్యం ఒక పట్టణానికి పట్టింది. నియోజకవర్గం ఒకటే, కుర్చీలు మూడు. ప్రతి ఓటరుకూ మూడు ఓట్లు. బ్యాలెట్ మీద ఎందరి పేర్లున్నా ముగ్గురికి గుర్తు పెట్టవచ్చు. ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న మొదటి ముగ్గురూ మెంబర్లు.

ఇందులోని ధర్మసూక్ష్మం గమనించారా? ఒక్క ఓటున్న ఊళ్ళో ఓటరు, గుమ్మంలోకి వచ్చిన ప్రతివాడికీ "మీకేనండీ" అంటాడు. ఒకరికి వేసి మిగతావాళ్ళకు అబద్ధం చెప్పిన పాపం మూటగట్టుకుంటాడు. ఇక్కడ ఆ బెడద లేదు. వచ్చినవాడికల్లా "ఒకటి మీదే" అనవచ్చు, అన్న మాట నిలబెట్టుకోవచ్చు. ఊరు ఊరంతా సత్యసంధులే!

ఇక ఫలితాల సంగతి. మొదటి ఎన్నికల్లో ఒకే పార్టీ మూడు కుర్చీలనూ ఊడ్చుకుపోయింది. గెలిచినవారు ఊళ్ళో అందరూ పెద్దాయన అని పిలిచే ఒక పెద్దమనిషి, ఆయన బావమరిది అయిన లాయరు, ఆయనకు ఇల్లు కట్టిపెట్టిన కాంట్రాక్టరు. రెండో ఎన్నికల నాటికి ముగ్గురికీ చెడింది. మూడు పార్టీలుగా చీలి, ఒకరి మీద ఒకరు దుమ్మెత్తిపోసుకున్నారు. జనం అన్ని వాదనలూ శ్రద్ధగా విని ముగ్గురినీ గెలిపించారు. మూడోసారి వాళ్ళు జెండాలు మార్చుకున్నారు. లాయరు జెండా కాంట్రాక్టరుకు, కాంట్రాక్టరుది పెద్దాయనకు, పెద్దాయనది లాయరుకు. రాజకీయాల్లో పెనుమార్పు అని పత్రికలు రాశాయి. గెలిచింది ఆ ముగ్గురే. మార్పు లేదని ఎలా అంటాం? మొన్న రెండో స్థానంలో ఉన్న లాయరు ఈసారి మూడో స్థానానికి దిగాడు కదా!

ఇంత సౌభాగ్యం చూసి ఓర్చుకోలేని మనిషి ఒకామె ఉంది. ప్రభుత్వాసుపత్రి ప్రసూతి వార్డులో నర్సు. ఊరు ఆమెను గేటు నర్సమ్మ అంటుంది.

పట్టణాన్ని రైలు పట్టాలు నిలువునా చీల్చాయి. ఇటు ఇళ్ళు, అటు ఆసుపత్రి, నడుమ రైలు గేటు. ఒక గూడ్సు బండి వస్తే గేటు పడుతుంది. అది పోయేలోగా ఎదురు బండి వస్తుంది. పురిటి నొప్పులకు రైలు టైము తెలియదు కదా! నర్సమ్మ ఇల్లు గేటుకు కూతవేటు దూరం. ఎవరో పరుగెత్తుకొచ్చి తలుపు బాదేవారు. ఆమె చేతిలో ముద్ద వదిలేసి సంచీ అందుకునేది. ఆటోకో అంబులెన్సుకో దుప్పట్లు అడ్డం కట్టి, అక్కడే పురుడు పోసేది. ఆ వీధుల పిల్లల్లో సగం మంది గేటు దగ్గర భూమ్మీద పడ్డవాళ్ళే. బళ్ళో ఎవరైనా అల్లరి చేస్తే "గేటు పిల్లాడివి, ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుందిలే" అనేవారు టీచర్లు.

ఊరు ఇదంతా నవ్వుతూ చెప్పుకునేది, నర్సమ్మ చెల్లెలి కాన్పు దాకా.

కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది. ఆపరేషన్ తప్ప దారి లేదు. పట్టపగలు, గేటు ముందు అంబులెన్సు. గూడ్సు బండి ఇంజను చెడి, పట్టాల మీదే నిలిచిపోయింది. పెట్టెల సందుల్లోంచి ఆసుపత్రి మెట్లు కనిపిస్తున్నాయి. మెట్ల మీద నిలబడి ఎదురుచూస్తున్న డాక్టరమ్మ తెల్లకోటు కూడా కనిపిస్తోంది.

"అక్కా, ఇంకా ఎంతసేపే?" అని చెల్లెలు అడుగుతూనే ఉంది.

"ఇదిగో, బండి కదుల్తోందే" అని అక్క అబద్ధం చెబుతూనే ఉంది.

చెల్లెలు దక్కింది. బిడ్డ దక్కలేదు.

ఆ వారం తిరక్కుండానే నర్సమ్మ పెద్దాయన ఇంటికి వెళ్ళింది. ఆయన వరండాలో వాలుకుర్చీలో ఉన్నాడు. అంతా విని కండువాతో కళ్ళొత్తుకున్నాడు.

"ఎంత ఘోరం తల్లీ! అక్కడ వంతెన పడాల్సిందే. అయితే రైల్వే అంటే అంతా రూల్సు వ్యవహారం. మా బావమరిది దగ్గరికెళ్ళు. వాడు లాయరు, ఇట్టే తేల్చేస్తాడు."

లాయరు మంచినీళ్ళు తెప్పించాడు. "వంతెనంటే రోడ్డే కదమ్మా. రోడ్లన్నీ కాంట్రాక్టరుగారు చూస్తారు. ఆయన పనిలో నేను వేలు పెడితే మర్యాదగా ఉంటుందా, మీరే చెప్పండి."

కాంట్రాక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "రేపు మొదలెట్టమంటే రేపే మొదలెడతా అక్కా! కాకపోతే పెద్దాయన ఉండగా నేను ముందుకు పడితే ఏం బాగుంటుంది? ఆయనతో ఒక్క మాట అనిపించు, చాలు."

చూశారా? మీ ఒక్క మెంబరైతే మొహమ్మీదే కుదరదనేవాడు. ఆమె మనసు విరిగిపోయేది. ఇక్కడ కాదన్నవాడు ఒక్కడూ లేడు! ముగ్గురూ సరేనన్నారు. కానిది పని ఒక్కటే.

నర్సమ్మ మొండిది. ఆసుపత్రిలో కొత్త నీళ్ళ ట్యాంకు ప్రారంభానికి ముగ్గురూ కలిసి వచ్చిన రోజున వార్డు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ముగ్గురూ ఇక్కడే ఉన్నారు. ఇప్పుడు నన్ను ఎవరి దగ్గరికి పంపుతారో పంపండి."

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పక్కనే ఫొటోగ్రాఫరు ఉన్నాడాయె! వంతెన అక్కడికక్కడే మంజూరైపోయింది, మాటల్లో.

నెల తిరిగేసరికి శంకుస్థాపన. రాతి ఫలకం మీద ఎవరి పేరు పైన ఉండాలో తెగలేదు. కాబట్టి మూడు ఫలకాలు తయారయ్యాయి. గేటు దగ్గర, సరిగ్గా రోడ్డు మలుపులో, మూడు సిమెంటు దిమ్మెలు కట్టి వాటిని నిలబెట్టారు. అంతకుముందు గేటు ఎత్తితే అంబులెన్సు పోయేది. ఇప్పుడు గేటు ఎత్తినా మలుపు తిరగదు. ప్రగతి అంటే ఇదీ!

ఆ దిమ్మెలు కట్టిన రోజున నర్సమ్మ ఉద్యోగానికి రాజీనామా రాసిచ్చింది. వచ్చే ఎన్నికలకు నామినేషన్ వేసింది.

ఇంటింటికీ తిరిగింది. ఎక్కడికి వెళ్ళినా ఒకటే మాట. "నీకు వెయ్యక ఇంకెవరికేస్తాం అమ్మా? మా పెద్దోణ్ణి ఈ లోకంలో ముందు పట్టుకుంది నువ్వే కదా! ఒకటి నీదే." వాచిన కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని చెల్లెలితో చెప్పేది. "ఒక్క గుమ్మం కూడా కాదనలేదే. గెలిచినట్టే."

ఫలితం వచ్చింది. మొదట పెద్దాయన, తరవాత కాంట్రాక్టరు, ఆ తరవాత లాయరు. నాలుగో స్థానం నర్సమ్మది. పాపం, కుర్చీలే మూడు.

మర్నాడు కిరాణా కొట్టు బాబాయి ఎదురొచ్చి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఒట్టు తల్లీ! మా ఇంటిల్లిపాదీ నీకే వేశాం."

"మరి మిగతా రెండు ఓట్లు ఏం చేశావు బాబాయ్?"

"అవా? ఉన్నాయి కదాని ఒకటి పెద్దాయనకు కొట్టా. పాపం, పెద్దవాడు. ఇంకోటి లాయరుకు. రేపెప్పుడైనా కోర్టు పని పడితే?"

నర్సమ్మ అక్కడే కొట్టు మెట్టు మీద కూలబడింది. బాబాయి అబద్ధం చెప్పలేదు. వీధిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆమె తిరగని పేటలు ఎలాగూ ఆ ముగ్గురివే. తిరిగిన వీధుల్లో ప్రతి ఇల్లూ ఆమెకు ఒక ఓటు వేసి గెలిపించబోయింది, ఆ చేత్తోనే రెండు ఓట్లు వేసి ఓడించింది.

పై ఎన్నికలకు ఆమె కొత్త మాట ఎత్తుకుంది. "ఒక్క గుర్తే పెట్టండి, నాకు. మిగతా రెండూ ఎవరికీ వద్దు. ఖాళీగా వదిలెయ్యండి."

ఊరు గుండెలు బాదుకుంది. ఓట్లు పారేసుకోవడమా! హక్కు! రాజ్యాంగం! ఉత్తినే వచ్చిన వస్తువు!

"మూడు గుడ్లు చేతిలో పెడితే, ఒకటి తిని రెండు నేలకేసి కొట్టమంటావేం తల్లీ?" అన్నాడు బాబాయి.

"ఆ రెండూ మురిగినవి బాబాయ్. ఇన్నేళ్ళూ తిన్నావు, ఏమైనా ఒంటబట్టిందా?"

బాబాయికి ఆ లెక్క ఎక్కలేదు. ఆడవాళ్ళకు ఎక్కింది. గేటు ముందు పంటి బిగువున నొప్పులు ఓర్చుకున్నవాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేకపోయింది. నర్సమ్మ అందరికంటే పైన, మొదటి స్థానంలో గెలిచింది. లాయరు నాలుగో స్థానానికి జారి ఇంటిముఖం పట్టాడు. రేడియోలో ఫలితం విన్న చెల్లెలు నవ్వలేదు. అక్క భుజం మీద తల పెట్టి, కాన్పయిన నాడు ఏడవని ఏడుపంతా ఏడ్చింది.

మిగతా ఇద్దరు మెంబర్లూ పెద్దమనసు చాటుకున్నారు. ఎవరొచ్చినా "నర్సమ్మగారు ఫస్టు వచ్చారు, ఆవిణ్ణే అడగండి" అని పంపించేశారు. కుళాయి కావాలన్నవాళ్ళు, బడి కప్పు కారుతోందన్నవాళ్ళు, ఆఖరికి అల్లుడు అలిగాడన్నవాళ్ళు కూడా ఆమె గుమ్మంలోనే. ఆమె విసుక్కుంటూనే అన్నీ చేసింది. రైల్వే ఆఫీసు బెంచీల మీద కూర్చుని కూర్చుని వంతెన సాధించింది. దిమ్మెలు పగలగొట్టించింది. పట్టాలకు అటొక వరస, ఇటొక వరస స్తంభాలు లేచాయి.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వానికి జ్ఞానోదయమైంది. ఒక నియోజకవర్గానికి ముగ్గురు మెంబర్లేమిటి, గందరగోళం కాకపోతే? ఒక కమిటీ వేశారు. దానికి సలహాదారు ఎవరనుకున్నారు? ఓడిపోయి ఖాళీగా ఉన్న మన లాయరే! నియోజకవర్గాన్ని మూడు ముక్కలు చేశారు, ముక్కకు ఒక మెంబరు. సరిహద్దు గీయడానికి రైలు పట్టాలకంటే వీలైన గీత ఎక్కడుంది? ఆసుపత్రి వైపంతా ఒక ముక్క. ఇళ్ళ వైపును గేటు రోడ్డు మీదుగా చీల్చి మరో రెండు ముక్కలు. నర్సమ్మకు ఓటేసిన ఆడవాళ్ళు మూడు చోట్లకూ చెదిరిపోయారు. ఆమె ఇల్లు కూడా రెండు ముక్కల మధ్య పడింది. వీధి గుమ్మం ఒకదాంట్లో, పెరడు మరొకదాంట్లో.

కొత్త పద్ధతిలో మొదటి ఎన్నికలు జరిగాయి. ఒక సీటు పెద్దాయన గెలిచాడు. ఒకటి కాంట్రాక్టరు గెలిచాడు. ఆసుపత్రి వైపు సీటు లాయరు గెలిచాడు. వీధి గుమ్మం ఉన్న సీటులో నిలబడ్డ నర్సమ్మకు రెండో స్థానం.

"ఏం చెయ్యను తల్లీ, ఒక్కటే ఓటాయె" అన్నాడు బాబాయి, ఆమె కళ్ళలోకి చూడలేక. "మూడుంటే ఒకటి నీకే వేసేవాణ్ణి."

ఆమె ఇంటిదారి పట్టింది.

వంతెనకు ఒక కాలు ఒక నియోజకవర్గంలో, రెండో కాలు ఇంకోదాంట్లో. పట్టాల మీద ఉండే నడుం భాగం ఎవరి కిందికీ రాదని లాయరు తేల్చాడు. పని ఆగిపోయింది. స్తంభాలు వృథా కాలేదులెండి. ముగ్గురి పోస్టర్లూ వాటి మీదే అంటిస్తున్నారు.

కొన్నాళ్ళు నర్సమ్మ గడప దాటలేదు. ఒకరోజు పొద్దున్నే లేచి, ముందుగది సామానంతా పెరట్లోకి గెంటించింది. గోడలకు సున్నం కొట్టించింది. అప్పుడే రిటైరైన డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, "ఆ రోజు మీరు మెట్ల మీద నిలబడ్డారు కదా. ఇకనైనా గేటుకు ఇవతల నిలబడండి" అంది. డాక్టరమ్మ మారుమాట లేకుండా వచ్చింది. వీధిలో ఆడవాళ్ళు మంచం, దీపం, ఆపరేషన్ బల్ల సమకూర్చారు. ఇంట్లోనే పురిటి గది తయారైంది. పనిముట్లు శుభ్రం చేసే పని చెల్లెలు అడిగి మరీ తీసుకుంది.

ఎవరినీ పిలవలేదు. అయినా గది తెరిచిన రోజున మూడు కార్లు వచ్చి ఆగాయి. గుమ్మం తన నియోజకవర్గంలోదని పెద్దాయన వచ్చాడు. పెరడు తనదని కాంట్రాక్టరు వచ్చాడు. డాక్టరమ్మ తన ఓటరని లాయరు వచ్చాడు. ముగ్గురి చేతుల్లోనూ మూడు కొత్త కత్తెరలు, వెనకాల రిబ్బను చుట్టలు పట్టుకున్న మనుషులు.

లోపల అప్పటికే ఒకావిడ నొప్పులు పడుతోంది. నర్సమ్మ చేతులు మోచేతుల దాకా కడుక్కుని, తలుపు ఓరగా తీసింది.

"పురిటి గది. మగవాళ్ళకు ప్రవేశం లేదు."

"ఒక్క నిమిషం తల్లీ" అన్నాడు పెద్దాయన. "రిబ్బను కత్తిరించేసి వెళ్ళిపోతాం. ఎవరు ముందన్నదే ఇంకా..."

"కత్తెరలు ఇటివ్వండి."

ముగ్గురూ తమ వరస ఆవిడ తేలుస్తుందనుకుని, పోటీలు పడి ఇచ్చేశారు. ఆమె మూడింటినీ వెనక నిలబడ్డ చెల్లెలికి అందించింది.

"బాగా మరిగించవే. బొడ్డు కొయ్యడానికి మనకు తక్కువపడ్డాయి కదా."

తలుపు మూసుకుంది.

అయ్యా, అమ్మా! అన్ని ఎన్నికలు, అన్ని జెండాలు, అన్ని ఫలితాలు అయ్యాక, ఆ ముగ్గురి వల్ల ప్రజల చేతికందింది ఇదీ, మూడు కత్తెరలు. మీ ఒక్క మెంబరుతో మీకెన్ని దక్కుతాయో లెక్క వేసుకోండి. ఎవరు అదృష్టవంతులో ఇప్పటికైనా ఒప్పుకుంటారా?