ప్రభుత్వం వారి మెల్ల న్యూట్రాన్లు

ఎబిరి నది నీళ్ళు తల్లిపాలంత స్వచ్ఛమని గనుల మంత్రి గౌరవనీయ ఆంపోఫోగారు రాజధాని అక్రా రేడియోలో ప్రకటించారు. నీళ్ళను ఇంకా ఎవరూ పరీక్షించలేదు. నాయకుడన్నవాడికి ఆ మాత్రం ముందుచూపు ఉండాలి. రుజువు పుట్టించే పని అణు ప్రయోగశాలలో డాక్టర్ జిఫా అగ్బెన్యోకి అప్పగించారు.

జిఫా ఆ నీళ్ళను రియాక్టర్‌లో పెట్టి మెల్లగా కదిలే న్యూట్రాన్లతో కొట్టించింది. దెబ్బ తిన్న ప్రతి మూలకమూ తనదైన కిరణాలు చిమ్మి తన ఉనికి తానే చెప్పుకుంటుంది. కానీ నీళ్ళలోని ఉప్పు పెళ్ళి మైకులా అరిచేసరికి మిగతా గొంతులు వినబడలేదు. విషం కనబడలేదని తెలిసి మంత్రిగారు ఆ సాయంత్రమే కేకు కోశారు.

జిఫాకి మనసొప్పలేదు. నది ఒడ్డు పిల్లల అరిచేతుల్లో గట్టిపడ్డ మచ్చలు ఆమె కళ్ళారా చూసింది. మళ్ళీ నీళ్ళు తెచ్చి కాడ్మియం గొట్టంలో పెట్టింది. ఆ లోహం మెల్ల న్యూట్రాన్లను మింగేసి, జోరుగా వచ్చేవాటినే లోపలికి పోనిస్తుంది. మెల్లవాటికే రెచ్చిపోయే ఉప్పు గొంతు తగ్గింది. అనుమతి లేని బంగారు గనుల నుంచి కొట్టుకొచ్చిన ఆర్సెనిక్ అనే విషం స్పష్టంగా పలికింది.

మంత్రిగారు స్వయంగా వేంచేశారు.

"మెల్లవి మర్యాదగానే చెప్పాయి కదమ్మా. ఈ దూకుడువి ఎవరి మనుషులు?"

"అవి న్యూట్రాన్లు సర్. వాటికి పార్టీ లేదు."

"మొదట్లో అందరూ అలాగే అంటారు."

ఆయన గొట్టం మీద చెయ్యి వెయ్యబోతే, కాడ్మియం కూడా విషమేనని జిఫా అడ్డుపడింది. మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. మర్నాడే ఉత్తర్వు వెలువడింది: ప్రజారోగ్యం దృష్ట్యా ఆ గొట్టం నిషేధం, ప్రజల నీళ్ళకి ఇకపై మెల్ల న్యూట్రాన్లే వాడాలి. దేశాన్ని విషం నుంచి కాపాడినందుకు నది ఒడ్డునే ఆయనకు సన్మానం జరిగింది. అతిథులకు సీసా నీళ్ళు పంచారు.

ఏటి నీళ్ళు తాగొద్దని జిఫా అక్కడి ఆడవాళ్ళకు చెప్పింది. మరేం తాగమంటావని ఒకామె అడిగింది. జిఫా తల దించుకుని తిరిగొచ్చింది.

వారం తిరక్కుండానే మంత్రిగారి డ్రైవరు ప్రయోగశాలకు ఒక క్యాను మోసుకొచ్చాడు. అయ్యగారు ఊళ్ళో కట్టుకున్న కొత్తింటి బోరు నీళ్ళట. సెలవులకు మనవరాలు వస్తోందట.

"అలాగే," అంది జిఫా. "మెల్ల న్యూట్రాన్లతో ఇప్పుడే చేసేస్తాను."

డ్రైవరు కదల్లేదు.

"అవి వద్దన్నారు మేడమ్. ఆ ఉత్తర్వు ప్రజల నీళ్ళకేనట."