అటక మీద ఊపిరి

ఆ ఉదయం సుబ్బరావమ్మ గారెలు వండుదామనుకుంది. ముందుగదిలో అద్దెకున్న అర్ఫా పని చూడటానికి పట్నం నుంచి లక్ష్మీకాంత్ అనే పెద్ద సారు వస్తున్నాడు. అర్ఫాది గుడ్లగూబల మీద పరిశోధన. చేలల్లో ఎలుకల్ని తినడానికి అవి వచ్చి కాపురముంటాయని మిరపతోటల్లో గుంజలు పాతి, పైన చెక్కపెట్టెలు కట్టించింది. ఏడాదిగా రాత్రిళ్ళు చేలల్లోనే కాపు కాసింది. ఒక్క పిట్టా వాలలేదు. ఇవాళ కూడా ఏమీ కనబడకపోతే రెండో ఏడాది ఫెలోషిప్ ఇవ్వరు. పిల్ల పెట్టే బేడా సర్దుకోవాల్సిందే.

"ఆయనకేం చూపించను పిన్నిగారూ?" అంటూ మొహం వేలాడేసుకుని సత్తెనపల్లి బస్టాండుకు బయల్దేరింది అర్ఫా.

సుబ్బరావమ్మ ప్రాణం ఉసూరుమంది. పిల్ల గదిలో గుడ్లగూబ కూతలు వినిపించే స్పీకరొకటి ఉంది. కూత వినబడితే పిట్ట ఉన్నట్టే కదా! దాన్ని తెచ్చి, కనబడ్డ మీటలన్నీ నొక్కి, వంటింటి అటక మీద పెట్టి కర్రతో లోపలికంటా తోసింది. అది పలకలేదు. చేసేదిలేక పప్పు రుబ్బుకోబోయింది.

అప్పుడు మొదలైంది. ఎవరో ముసలివాళ్ళు పళ్ళ సందుల్లోంచి ఊపిరి పీలుస్తున్నట్టు, సరిగ్గా నడినెత్తి మీద. ఆగింది. మళ్ళీ పీల్చింది. పట్టపగలే వంటిల్లు చల్లబడినట్టయింది. చేతుల మీద రోమాలు లేచినా, "హమ్మయ్య, మిషను పలికింది" అనుకుందావిడ.

నిచ్చెన అడగడానికొచ్చిన పక్కింటి వీరాంజనేయులు గుమ్మంలోనే బిగుసుకుపోయాడు.

"అక్కా, అదేంటి?"

"ఏదిరా?"

"గుడ్లగూబ బుస అది! ఇంట్లో దూరింది! బావా, లెగు, ఇల్లు పాడుపెట్టాలి!"

గుడ్లగూబ దూరిన ఇంట్లో మనుషులుండకూడదు, కొన్నాళ్ళు తాళమేసి పోవాలన్నది అక్కడి పట్టింపు. నిజం చెబితే పెద్ద సారు ముందు పిల్ల పరువు పోతుంది. సుబ్బరావమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. ఆవిడ మొగుడు బుల్లయ్య అప్పటికే పరుపుతో సహా వీధిలో ఉన్నాడు.

"చూస్తావేంటే? ముందా గ్యాస్ బండ పట్టు!"

"మీ వాసాలూ మా వాసాలూ కలిసే ఉన్నాయి. అది మావైపు నడిచొస్తే?" అని వీరాంజనేయులూ సామాను బయట పెట్టాడు. అతన్ని చూసి ఎదురింటి వాళ్ళు, వాళ్ళను చూసి మిగతావాళ్ళు. వీధి నిండా మంచాలు, బిందెలు, ఫ్రిజ్‌లు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. కుక్కలు కూడా. ఖాళీ ఇంట్లోంచి ఊపిరి మాత్రం వీధిలోకి వస్తోంది. ఇప్పుడది ఒక్క గొంతు కాదు.

ఆటో దిగిన లక్ష్మీకాంత్ బిత్తరపోయాడు. "ఏమ్మా, వరదేమన్నా వచ్చిందా?"

సుబ్బరావమ్మ అర్ఫాను పక్కకు లాగింది. "నీ స్పీకరు నేనే అటక మీద పెట్టానమ్మా. నీకు సాయంగా ఉంటుందని. ఇప్పుడు ఆపడం చేతకావట్లేదు."

అర్ఫా సంచిలో చెయ్యి పెట్టి తీసింది. "దాని బ్యాటరీలు నా దగ్గరే ఉన్నాయి పిన్నిగారూ."

ఇంట్లోంచి మళ్ళీ ఊపిరి. ఇన్నాళ్ళూ రాత్రిళ్ళు దాన్ని గురకనుకుని మొగుణ్ణి ఎన్నిసార్లు మోచేత్తో పొడిచిందో సుబ్బరావమ్మకు గుర్తొచ్చింది. బుల్లయ్య ఇప్పుడు ఆవిడ పక్కనే, నోరు మూసుకుని, కళ్ళు తెరుచుకుని నిలబడి ఉన్నాడు.

నిచ్చెన వేశారు. అర్ఫా టార్చి కొట్టింది. అటక చివర, చీకట్లో, తమలపాకు ఆకారంలో తెల్లటి ముఖాలు ఆరు ఒక్కసారిగా ఆమె వైపు తిరిగాయి. పక్కనే స్పీకరు. దాని మీద సగం తిన్న ఎలుక.

తర్వాత ఎక్కిన సారు అటక అంచు పట్టుకుని కిందికి వంగాడు. "పిల్లలు కూడా పెట్టాయి! నీ రెండో ఏడాదికి ఢోకా లేదమ్మాయ్. కానీ అవి ఎగిరేదాకా ఈ ఇంట్లో మనిషన్నవాడు అడుగు పెట్టకూడదు."

"పొద్దుట్నుంచీ నేను మొత్తుకుంటున్నదీ అదేగా!" అన్నాడు వీరాంజనేయులు.

సాయంత్రానికి సుబ్బరావమ్మ కాపురం మిరపకల్లంలో పాకలోకి మారింది. గుడ్లగూబలు తన ఇంట్లో ఉంటున్నాయి గనక, గుంజ మీది వాటి పెట్టెను దింపించుకుని ఆవిడ పోపుగింజలు పెట్టుకుంది.