శవంగారి కుర్చీ సమరము

వినుడు, రసికశిఖామణులారా, వినుడు! ఫోనుల నోళ్ళు మూయించి, దగ్గవలసినవారు ఇప్పుడే దగ్గేసి, ముందువరుసలో కాళ్ళు చాపినవారు కాళ్ళు ముడుచుకొని, ఈ మహాసంగ్రామ గాథను చెవులప్పగించి ఆలకింపుడు! కళోత్సవము రెండవనాటి ఉదయమున, ప్రచండమార్తాండుడు రంగశాల రేకుల కప్పును పెనమువలె కాల్చుచుండగా, పంకాలు గాలిని మాని శబ్దమును మాత్రమే విసరుచుండగా, ఆ శాలాద్వారమున ఒక కాగితము తళుక్కుమనెను. "కళాకారులకు స్వర శిక్షణ. ఉచితం." ఊరికే వస్తే నాకొకటి, మా తాతకొకటి అనునది లోకధర్మము కదా! నటులు, నర్తకులు, గారడీవారు, బొమ్మలాటవారు, జన్మలో నోరు తెరువనవసరము లేని మూకాభినయ ప్రవీణుడు సైతము, ఉప్పెనవలె లోనికురికిరి.

ఆ ఉప్పెనలో ఒక మహావీరుడు కొట్టుకొని వచ్చెను. ఎవడాతడు? ఏండ్ల తరబడి ఒకే నాటకసమాజమున ఒకే పాత్రను ధరించినవాడు. తెర లేచుటకు ముందే నేలకొరిగి, తెర పడిన పిదప లేచువాడు. తుమ్మును జయించినవాడు, దోమకు వెరవనివాడు, కత్తి అట్టదే గనుక కత్తిపోటుకు చలింపనివాడు. రణనిహత సేనాపతి పాత్రధారి, "శవం" అను ముద్దుపేరు గల మహానటుడు!

వేదికపై ఆయనకు నాటివరకు ఒక్క మాటయు లేదు. ఇప్పుడు వచ్చు యోగము పట్టినది. కొత్త నాటకమున వార్తాహరుని వేషము ఖాళీగా ఉన్నది. "ప్రభూ, కోట కూలిపోయింది!" అను ఏకైక వాక్యము దానిది. సమాజ దర్శకురాలు ముందునాడే ఆయనకు తేల్చి చెప్పినది.

"మీ గొంతు మీ మెడ కూడా దాటట్లేదండీ. రేపు ఆ క్లాసుకి రండి. నేను చివరి వరుసలో కూర్చుంటాను. నాకు వినబడితే వేషం మీదే. లేకపోతే మళ్ళీ పడుకోండి, ఏమనుకోకండి."

ఏమనుకోకుండుట ఎట్లు? ఆయనకు కంటిమీద కునుకు లేకపోయెను. పడుకొనుటయే వృత్తియైనవానికి నిద్ర పట్టకపోవుట సామాన్యమైన కష్టమా! తెల్లవారి గడప దాటుచుండగా ధర్మపత్ని చొక్కా కాలరు సవరించుచు గీతోపదేశము గావించెను.

"మా అన్నయ్య కూడా వస్తాడట. కుర్చీ అడిగితే లేచి ఇచ్చేస్తారు, నాకు తెలుసు. మన పెళ్ళి ఫోటోలో మధ్యలో ఎవరున్నారు?"

"మీ అన్నయ్య."

"మరి మీరు?"

"ఆ పక్కన. మోచెయ్యి కనిపిస్తుంది."

"అదీ సంగతి. ఇవాళ లేచారంటే ఇంటికి రాకండి."

ఆ అన్నయ్య ఎవడనిన, అదే సమాజమున మహారాజు వేషధారి. కిరీటము తీసినను దాని బరువును దింపనివాడు, కాఫీ కావలసినపుడు "ఎవరక్కడ!" అని గర్జించువాడు. వరుసకు ఇరువురును ఒకరికొకరు బావలు. వేదికపై మాత్రము ఒకరు ప్రభువు, ఒకరు పీనుగు.

మన వీరుడు శాల ప్రవేశించునప్పటికి కుర్చీలన్నియు నిండి, ఒక్కటి మిగిలెను. దానిపై పట్టు చేతిరుమాలు! మహారాజు దానిని విసరి స్థలము పట్టి, కాఫీ సేవింప వెడలియుండెను. ద్వారమున నిలిచిన కార్యకర్త కంచుకంఠమున ప్రకటించెను. "గంట కొట్టగానే తలుపేసేస్తాం. కుర్చీ లేనివాళ్ళు బయటికే. మధ్యలో తలుపు తీసేది లేదు, ముందే చెప్తున్నా."

వీరుడు రుమాలును చూచెను. మోచేయి జ్ఞప్తికి వచ్చెను. రుమాలును మడిచి కిటికీలో పెట్టి, ఒక కాలు పొట్టిదైన ఆ కుర్చీపై సింహాసనారూఢుడయ్యెను.

అంతలో మీసమున కాఫీ నురుగుతో మహారాజు విచ్చేసెను.

"ఎవరక్కడ! రుమాలు పడిన ఆసనమును, మా చేయి పడిన రాజ్యమును అన్యుడు తాకరాదను ధర్మము మంటగలిసెనా? సముద్రములు ఇంకలేదేమి? పర్వతములు పగులలేదేమి?" అని గర్జించి, గొంతు తగ్గించి, "లే బావా, గంట కొట్టేస్తారు. బాగోదు," అనెను.

వీరునికి వేయి ప్రత్యుత్తరములు తోచెను. ఒక్కటియు గొంతు దాటలేదు. మాట లేనివానికి మిగిలిన అస్త్రమేది? ఏండ్ల తరబడి చేసిన సాధన! కన్నులు మూసెను. మెడ వాల్చెను. చేతులు వ్రేలాడవేసెను. చచ్చెను! అనగా, మహాద్భుతముగా చచ్చెను.

"బావా! ఏయ్, వేషాలెయ్యకు."

అప్పుడు జరిగినది ఘోరము. గోడవార కూర్చున్న ఆ సమాజపు డోలు వాద్యకారుడు, వాలిన మెడను చూచి, చేతి అలవాటు కొలది "ధిమ్మ్" అని ఒక్కటి వేసెను. నాటకమున ఆ వాలిన మెడ కనబడి, ఆ డోలు మ్రోగిన ప్రతిసారియు మహారాజు చేయునది ఒక్కటే. ఆయన కుడిచేయి దానంతటదే ఆకాశమునకు లేచెను.

"హా సేనాపతీ! హా నా కుడిభుజమా! ఒక్క పలుకైనను పలుకక పోయితివా! నీవు లేని ఈ సింహాసనమేల? ఇదిగో, సర్వమును నీకే విడిచి అడవులకు పోవుచున్నాను!"

ఇట్లు విలపించి పీనుగుపై పడెను. నురుగు మీసము చెవిలో దూరి కితకితలు పెట్టినను పీనుగు చలింపలేదు. శాలయంతయు కన్నీరు పెట్టుకొనెను. మూకాభినయ ప్రవీణుడు బావురుమని ఏడ్చెను. చప్పట్లు మిన్నుముట్టెను. విలాపానంతరము ఎడమవైపుగా నిష్క్రమింపవలెను, వెనుదిరిగి చూడరాదు అనునది దర్శకురాలి శాసనము. ఎడమవైపున ద్వారముండెను. మహారాజు గంభీరముగా నిష్క్రమించెను. గంట మ్రోగెను. తలుపు మూసుకొనెను.

అప్పుడు స్వరాచార్యురాలు కళ్ళు తుడుచుకొని, మెల్లగా బ్రతుకుచున్న వీరుని పిలిచెను. "ముందు మీరే లేవండి. ఏదో ఒకటి చెప్పండి, ఆ చివర ఉన్న ఆవిడకి వినబడాలి."

చివరి వరుసన దర్శకురాలు చెవికి చేయి ఆనించి కూర్చుండెను. వీరుడు కుర్చీని వదలక లేచెను. "ప్రభూ, కోట..." దోమ పాటయైనను అంతకంటె మేలు. మరల యత్నించెను. దర్శకురాలు జాలిగా తల అడ్డముగా ఊపెను. వార్తాహరుడు చేజారుచుండెను! ఏడుపు ముంచుకొచ్చి ఆయన తల దించుకొనెను.

అంతలో తలుపు దడదడలాడెను. "బావా! నేనే బావా! అది మన కుర్చీయే కదా, కొంచెం చెప్పు వాళ్ళకి!"

"ఎవరండీ బయట?" అని ఆచార్యురాలు వీరునే అడిగెను.

మన కుర్చీ! ఆ "మన" అను మాటకు పెళ్ళినాటి మోచేయి భగ్గుమనెను. నాభిలో పుట్టిన నాదము రొమ్మును నింపి, మెడను దాటి, జీవితమున మొదటిసారి పెదవులను బ్రద్దలు కొట్టుకొని వెలువడెను.

"ఎవరూ లేరు!"

కిటికీ అద్దములు గజగజలాడెను. పంకాల శబ్దము వినబడకపోయెను. తలుపునకు ఆవల మహారాజు సైతము, తాను లేననియే ఒక్క క్షణము నమ్మి, కొట్టుట మానెను.

"వినబడిందండీ," అనెను దర్శకురాలు లేచి నిలిచి. "వేషం మీదే. ఇంక కూర్చోండి."

జయము! జయము! ఒంటికాలు పొట్టి కుర్చీ విజేతకు జయము! ఈ గాథను వినువారికి పంకా క్రింది స్థలము దొరుకుగాక, వారి రుమాళ్ళు పదిలముగా ఉండుగాక! శిక్షణాంతమున, తలుపు తెరచి అందరిని చేర్చి తీసిన ఫోటోను మన వీరుడు ఇంటికి కొనిపోయి, పెళ్ళి ఫోటో ప్రక్కనే మేకుకు తగిలించెను. ధర్మపత్ని కళ్ళజోడు పెట్టుకొని దానిని పరికించెను. మధ్యలో, కుర్చీపై, ఆమె భర్త!

"మరి అంచున ఈ మోచెయ్యి ఎవరిదండీ?"

"మీ అన్నయ్యది," అనెను వీరుడు, వీధి చివరిదాకా వినబడునట్లు.