తొక్కు బద్దల బాణామతి

ఆ రోజు పొద్దున సత్తమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. మొగుడు మళ్లీ అడవికి బయలుదేరేలోగా ఆయన కడుపులో ఇంత అన్నం, సంచిలో దారిపొడుగునా నంజుకోవడానికి ఇంత నిమ్మకాయ తొక్కు పడాలి.

దొరల మీద, సర్కారు మీద తిరగబడ్డ సంఘంలో ఓదెలు చేరి ఏడాది దాటింది. కొత్తగూడ అడవిలో దళంతో తిరుగుతూ, ఎప్పుడో ఒకసారి లింగాల ఘనపూర్ అవతలున్న తమ ఊరికి దొంగలా వచ్చి దొంగలా పోతాడు. వచ్చిన ప్రతిసారీ కంచంలో చెయ్యి పెట్టే వేళకు ఏదో ఒక అలికిడి అయ్యేది, ఆయన లేచి వెళ్లిపోయేవాడు. కలిపి వదిలేసిన ఆ ముద్దను చూస్తూ, మనిషి ఇప్పుడు ఏ వాగు దాటుతున్నాడో, మళ్లీ వస్తాడో రాడో అనుకుంటూ సత్తమ్మ కంచం తీసేది కాదు. ఈసారి కోడి కూయకముందే వచ్చి అటుకెక్కి పడుకున్నాడు. ఎండ నడినెత్తికొచ్చి ఊరంతా ఇళ్లల్లో దూరినప్పుడు పెరటి దారిన పోవాలని ఉపాయం.

"తొక్కు ఊరొద్దా? గియ్యాల పెట్టి గియ్యాలనే కట్టిస్తవా?" అటుక మీది నుంచి ఓదెలు అడిగాడు.

"నీ సంచిలనే ఊర్తది తియ్. నువ్వు నడుస్తుంటె అదే కుదురుకుంటది."

సత్తమ్మ కత్తిపీట ముందేసుకుంది. ఒక్కో కాయను అరచేతితో నేలకు అదిమి దొర్లించి, మెత్తబడ్డాక అడ్డంగా రెండు బద్దలు చేసింది. గింజ ఉంటే చేదెక్కుతుందని గోటితో ఏరి పారేసింది. వేళ్ల మీది పాత గాట్లలోకి పులుపు దిగి చురచురమంటుంటే, నోటితో ఊదుకుంటూనే కొన్ని బద్దలు జాడీలోకి పిండింది. మిగతా వాటికి ఉప్పు, పసుపు, కొత్త కారం దట్టంగా పట్టించి, తడి ఆరడానికి చాటలో పరిచి, పెరటి గోడ మీద పెట్టి అన్నం వార్చడానికి లోపలికి పోయింది.

ఇంటి కప్పు మీద కాచుకున్న కోతులకు కావలసింది అదే. మొదటి కోతి ఒక బద్ద కొరికి, ముఖం వికారంగా పెట్టి, అందినంత దూరం విసిరికొట్టింది. దాని గతి కళ్లారా చూసి కూడా రెండోది నమ్మలేదు. తానూ ఒకటి కొరికి విసిరింది. మూడోది ఆ రెంటినీ నమ్మలేదు. మనుషులూ ఇంతే గనుక కోతులను అనడానికి లేదు. ఒక బద్ద వాకిట్లో పడింది, ఒకటి బజారులో, ఒకటి పెరటి గుమ్మం ముందు.

పసుపు, ఎరుపు పూసిన నిమ్మబద్ద గుమ్మం ముందు కనబడితే ఆ వైపు ఊళ్లల్లో ఒక్కటే అర్థం. బాణామతి. గిట్టనివాళ్లెవరో మంత్రించి పెట్టారని, దాటినవాడు నెత్తురు కక్కుకుంటాడని.

ముందుగా వాకిట్లోని బద్దను చూసింది పక్కింటి మార్తమ్మ. పరుగున వచ్చినావిడ వాకిలి ముందు గుంజ పాతినట్టు నిలబడిపోయింది.

"సత్తక్కా! పోలీసు పటేలు జమేదారును ఎంటేసుకొని వస్తున్నడు. ఇల్లిల్లు సోదా చేస్తరట!"

సత్తమ్మ గరిటె చేతబట్టుకొనే గుమ్మంలోకి వచ్చింది. "లోపలికి రా చెల్లె, జర నెమ్మదిగ చెప్పు."

"గీడికెల్లి చెప్త తియ్. నేను ప్రభువును నమ్మినదాన్ని, గిసొంటియి నన్నేం జేయవు."

"మరి రా."

"వద్దక్కా. ప్రభువుకెందుకు పరేషాన్?" అని మార్తమ్మ వెనక్కి వెనక్కి నడిచి వెళ్లిపోయింది.

ఇంతలో కనకయ్య రానే వచ్చాడు. పోలీసు పటేలు అయిన నాటి నుంచి ఆయన మీసం ఊరికి ముందు నడుస్తుంది, ఆయన వెనక నడుస్తాడు. ఆ రోజు మీసం కూడా బజారులోని బద్ద దగ్గర ఆగిపోయింది. వెంట జనగామ జమేదారు, నలుగురు జవాన్లు.

"నడువుండ్రి పటేల్ సాబ్," అన్నాడు జమేదారు.

"మీరు నడువుండ్రి. తుపాకులు మీ కాడున్నయ్."

"ఊరు మీది గదా?"

"సర్కారు మీది గదా?"

ఊరికీ సర్కారుకూ నడుమ ఒక నిమ్మబద్ద పడి ఉంది. ఎవరూ కదల్లేదు.

"సత్తమ్మా!" పటేలు అక్కడి నుంచే కేకేశాడు. "ఏందే గివి? ఎవలు పెట్టిన్రు?"

సత్తమ్మ బద్దను చూసింది, కప్పు మీద ఊగుతున్న కోతి తోకను చూసింది, సంగతి తెలిసిపోయింది. తొక్కు బద్దలని నిజం చెబితే, మొగుడు లేని కొంపలో ఇంత తొక్కు ఎవరికని అడుగుతారు, దర్జాగా దాటుకొని వచ్చి అటుకెక్కుతారు. చెప్పకపోతే బాణామతి తన మెడకు చుట్టుకుంటుంది. బాణామతి చేసిందన్న ఆడదాన్ని ఆ ఊళ్లు ఏం చేస్తాయో ఆమె చిన్నప్పుడే చూసింది. అయినా తన మెడ కన్నా అటుక మీది మెడే ఎక్కువనిపించింది.

"నాకేమెరుక పటేలా," అంది.

అప్పుడే ఇంటి కప్పు మీది కోతి మరొకటి కొరికి విసిరింది. బద్ద గాలిలో వచ్చి పటేలు రుమాలు మీద పడి, జారి, కంట్లో ఇంత కారం పూసింది.

"సచ్చిపోతినిరో! మొగులు మీదికెల్లి పడ్డది! కండ్లు వోయినయ్!"

జవాన్లు ఆయనను మార్తమ్మ పందిరి కిందికి మోసుకుపోయి మొహాన నీళ్లు కొట్టసాగారు. ఇదే సందని సత్తమ్మ లోపలికి ఉరికింది. ఓదెలు అప్పటికే అటుక దిగి, పెరటి తలుపు తీసి, గడప ఇవతలే నిలబడి ఉన్నాడు.

"పో! ఇంక చూస్తవేంది?"

"గదేంది గుమ్మంల?"

"తొక్కు బద్ద. కోతి ఏసింది."

"కోతే ఏసిందని నీకెట్లెరుక?"

సత్తమ్మ నోరు తెరిచింది. "మొన్న వాగు కాడ బాణామతి లేదు గీణామతి లేదని గంటసేపు చెప్పింది నువ్వే గదా?"

"అది మీటింగుల మాట," అన్నాడు ఓదెలు. "ముందటి దర్వాజకెల్లి పోత తియ్."

"ముందట పోలీసులున్నరు!"

"పోలీసులైతె కాలుస్తరు. అంతే గదా."

దొరల గడీలు మూడింటి మీద దాడికి పోయి వచ్చిన మొనగాడు నిజంగానే ముందు గుమ్మం వైపు తిరిగాడు. సత్తమ్మకు ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి. గడప దాటి, బద్ద అందుకొని, మట్టి ఊది, ఆయన చూస్తుండగానే నోట్లో పెట్టుకొని కసకసా నమిలింది.

ఊరని పచ్చి బద్ద, అందులో కొత్త కారం. కళ్లు చింతనిప్పులయ్యాయి. పెదవుల వెంట ఎర్రటి పులుసు కారింది. ఊపిరి బుస్సుమని పాములా వచ్చింది.

సరిగ్గా అప్పుడే పెరటి గోడ మీద పటేలు రుమాలు లేచింది. బద్దలు ఎటు నుంచి వస్తున్నాయో చూద్దామని, కన్ను కడుక్కొని, జమేదారును తోడు తీసుకొని చుట్టు తిరిగి వచ్చాడాయన. తలుపు చాటున ఉన్న ఓదెలు కనబడలేదు. కనబడిందల్లా మంత్రించిన బద్దను నమిలి మింగుతున్న సత్తమ్మ.

"తల్లీ! సత్తమ్మ తల్లీ! తప్పాయె! నీకేం గావాల్నో చెప్పు!"

ఆమెకు నోరు మెదపడానికి లేదు. గాలి కోసం చెయ్యి అటూ ఇటూ ఊపింది.

"పొమ్మంటున్నది! ఊరిడిసి పొమ్మంటున్నది!" అని పటేలు జమేదారు వైపు తిరిగాడు. ఆయనకు ప్రత్యేకంగా చెప్పవలసిన పని లేకపోయింది. జవాన్లతో సహా అప్పటికే జనగామ బాట పట్టాడు. పటేలు చెప్పులు చేతబట్టుకొని వాళ్లను అందుకున్నాడు.

ఊరు సద్దుమణిగింది. సత్తమ్మ లోపలికి వచ్చి, మాట రాక, పీట వైపు వేలు చూపించింది. ఓదెలు మారు మాట్లాడకుండా కూర్చున్నాడు. వడ్డించినదంతా తిన్నాడు. మళ్లీ వడ్డిస్తే అదీ తిన్నాడు. ఆమె మొహం వంక మాత్రం చూడలేదు. చాటలో మిగిలిన బద్దలు జాడీలోకి ఎత్తి, మూతి కట్టి సంచిలో పెడితే, ఆ సంచిని మోకాళ్ల మీద పెట్టుకొని, ఇక పొమ్మని ఆమె ఎప్పుడంటుందా అని బుద్ధిగా ఎదురుచూశాడు.

నోరు మండుతున్నందున సత్తమ్మకు పొద్దుగూకే దాకా మాట రాలేదు.