సీజరు గారి సామాను

దేశం బాగుపడాలంటే ఆఫీసరన్నవాడికి జాతికుక్క ఉండి తీరాలి! అదీ ఒకచోట కుదురుగా కూర్చునే కుక్క కాదు. పరుగెత్తాలి, గెంతాలి, దూకాలి, దూరాలి, కనిపించినదల్లా కొరికి పారెయ్యాలి. అలాంటి కుక్కకి ఆరుబయట ఆటసామాను ఉండాలి. ఆ సామాను రోజూ విరగాలి. విరిగినదాన్ని రోజూ బాగు చెయ్యాలి. పంచవర్ష ప్రణాళికల్లో ఈ ముక్క రాయడం ఎవరు మరిచిపోయారో గాని, మనం ఇంకా వెనకబడి ఉండడానికి అదొక్కటే కారణమని నా గట్టి నమ్మకం.

నవ్వుతున్నారా? నవ్వండి. బళ్ళు కావాలి, ఆస్పత్రులు కావాలి అని సభల్లో బల్లలు గుద్దే పెద్దలంతా ఒక్కసారి మా శ్రీకూర్మం వైపు సముద్రం ఒడ్డుకి వచ్చి దాలమ్మ కథ విని వెళ్ళాలి. ఊరి పేరు మాత్రం చెప్పను. చెబితే ఆ ఊరివాళ్ళు నా మీదికొస్తారు. చెప్పకపోతే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా ‘ఇది మా ఊరే’ అని మురిసిపోతారు.

దాలమ్మది చేపల బేరం. తెల్లవారుతూనే తెప్పలు ఒడ్డుకి రాగానే తట్ట నింపుకుని, గెడ్డ దాటి, అవతల పంచాయతీ సమితి ఆఫీసున్న ఊరికి పోయి అమ్ముకుంటుంది. మా వైపు వాగుని గెడ్డ అంటాం లెండి. ఎండెక్కక ముందే తట్ట ఖాళీ అయిందా, ఇంట్లో పొయ్యి మీదకి ఎసరు ఎక్కినట్టే. ఎండెక్కిందా, చేప మెత్తబడుతుంది, కొనేవాళ్ళ నోరు గట్టిపడుతుంది. దాలమ్మ బతుకంతా ఆ కాస్త చల్లటి పొద్దులోనే ఉంది.

గెడ్డ మీద ఒకప్పుడు తాటిదూలాల వంతెన ఉండేది. తుపానుకి కొట్టుకుపోయింది. అప్పటినుంచి దాలమ్మకి రెండే దారులు. సముద్రపు పోటు లేనప్పుడు తట్ట నెత్తిన పెట్టుకుని నడుంలోతు నీళ్ళలో దిగడం, పోటు ఉన్నప్పుడు రోడ్డు కల్వర్టు దాకా చుట్టు తిరిగి మెత్తబడ్డ చేపతో ఊరు చేరడం. ఒకనాడు గెడ్డ మధ్యలో కాలు జారింది. తట్టెడు చేపలూ నీళ్ళపాలయ్యాయి. చచ్చిన చేపలు గనక ఈదుకుపోలేదు గాని, దాలమ్మకి దక్కనూ లేదు. ఆ రోజు ఇంటిల్లిపాదీ గంజినీళ్ళతో పడుకున్నారు.

తడిచీర తడిచీరగానే దాలమ్మ సమితి ఆఫీసుకి వెళ్ళింది. అక్కడ ఓవర్సీరు జగన్నాధం గారని విజయనగరం నుంచి వచ్చిన మనిషి. మంచివాడు. ఎవరికీ లేదనడు, ఎవరికీ ఇవ్వడు.

“వంతెన రిపేరు సేయించండి బాబూ, మీ కాల్మొక్కుతాను,” అంది దాలమ్మ.

“రిపేరు చెయ్యాలంటే ముందు వంతెనంటూ ఉండాలి గదే దాలమ్మా! లేనిదాన్ని ఎలా రిపేరు చేస్తాం?”

“పోనీ కొత్తది ఎయ్యండి.”

“కొత్తది వెయ్యడానికి వీల్లేదు. అక్కడ వంతెన ఉన్నట్టే మా లెక్క. ఉన్నచోట మళ్ళీ ఎలా వేస్తాం?”

“అయితే బాబూ, ఆ నేని వంతెన మీద నడిసి రమ్మంతారేటి?” అని అడిగింది దాలమ్మ.

జగన్నాధం గారు నొచ్చుకున్నాడు. ప్రభుత్వాన్ని వేళాకోళం చెయ్యకూడదన్నాడు. అప్పటినుంచి దాలమ్మ ఆఫీసు గోడ పక్కనే తట్ట దించి బేరం పెట్టుకుంది. అమ్మకానికి అమ్మకం, అడగడానికి అడగడం. అక్కడ కూర్చోబట్టే ఆమెకి సీజరు గారి దర్శనం అయింది.

సీజరు గారంటే సమితికి పెద్దైన బి.డి.ఓ. గారి అల్సేషియన్ కుక్క. నేను వెటకారానికి గారు అంటున్నానని అనుకోకండి, ఆఫీసులో అందరూ అలాగే అనేవారు. ఈ జాతి కుక్క ఉదయం సాయంత్రం సిపాయిలా కసరత్తు చెయ్యకపోతే దానికి మనోవ్యాధి వస్తుందని బి.డి.ఓ. గారు ఏదో ఇంగ్లీషు పుస్తకంలో చదివారు. ఇంకేం! ఆఫీసు వెనక దొడ్డి కాస్తా సర్కస్ డేరా అయింది. దూకడానికి అడ్డకర్రలు, దూరడానికి రెండువైపులా కోసిన తారుడ్రమ్ము, ఎక్కిదిగడానికి ఏటవాలు బల్ల, ఒడుపుగా నడవడానికి గుంజల మీద సన్నటి పలక. మెడకి ఇత్తడి బిళ్ళల తోలుపట్టా, మూతికి చిక్కం, పట్టుకు తిరగడానికి గొలుసు.

అయ్యా, సామాను అమర్చడం సుళువే. సముద్రపు గాలిలో దాన్ని నిలబెట్టడమే కష్టం! గొలుసు తుప్పు పడుతుంది, కిరసనాయిలులో నానబెట్టి తోమాలి. తోలు బిర్రబిగుస్తుంది, ఆముదం పట్టించాలి. కర్రకి చెద పడుతుంది, జీడిపిక్కల చమురు పుయ్యాలి. పలక మీద పేడు లేస్తే సీజరు గారి అరికాలికి గుచ్చుకుంటుంది, గరుకు కాగితంతో రుద్దాలి. పల్లెటూళ్ళు తిరగాల్సిన గ్రామసేవక్ ఊళ్ళు తిరగడం మాని, తోలుకి ఆముదం పట్టించడంలో చెయ్యి తిరిగినవాడయ్యాడు. బడి బెంచీలు చెయ్యాల్సిన వడ్రంగి ఎల్లాజీ అడ్డకర్రలు చేస్తూ ఆఫీసు దొడ్లోనే కాపురం పెట్టాడు. ఇంతమంది చేతులకి పని కల్పించిన పరిశ్రమ మా తాలూకాలో మరొకటి ఉందా? ఉంటే చూపించండి!

ఇంకో సుగుణం కూడా చెప్పాలి. విరిగింది అన్న మాట చెవిన పడడమే ఆలస్యం, బాగైపోయేది. అంచనాలు లేవు, మంజూర్లు లేవు, రేపు రమ్మనడం లేదు. మన ప్రభుత్వానికి చురుకు లేదని ఆడిపోసుకునేవాళ్ళు ఆ దొడ్లోకి ఒక్కసారి తొంగి చూస్తే సిగ్గుతో తల దించుకునేవాళ్ళు. దాలమ్మ రోజూ తొంగి చూసేది. ఆమెకి సిగ్గు వెయ్యలేదు, ఒళ్ళు మండింది. అయితే కుక్క మీద కాదు. అది ఆమె విసిరిన ఎండు నెత్తళ్ళ చేపలు తిని తోకాడించేది. ఆఫీసు మొత్తం మీద ఆమె మొహం చూసి సంతోషించే ప్రాణి అదొక్కటే.

ఇలా ఉండగా సీజరు గారికి విసుగు పుట్టింది. పలక ఎక్కడం మానేసి, పలక కింద పడుకుని నిద్రపోవడం మొదలుపెట్టారు. బి.డి.ఓ. గారికి అన్నం సయించలేదు. పుస్తకం తిరగేశారు. చురుకైన కుక్కకి ఎప్పుడూ ఒకే సామాను పెడితే మనసు చచ్చిపోతుందట! ప్రకృతి మధ్య కొత్త కొత్త ఏర్పాట్లు చెయ్యాలట! “ఏదో ఒకటి చెయ్యవయ్యా జగన్నాధం, లేకపోతే నీ సంగతి నేను చూస్తాను,” అన్నారు. జగన్నాధం గారికి ముచ్చెమటలు పోశాయి. ఇంజనీరింగు చదువులో కుక్కకి విసుగు పుడితే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు మరి.

అరుగు మీద తల పట్టుకు కూర్చున్న ఓవర్సీరుని చూసి దాలమ్మకి జాలేసింది. దానితోపాటు ఒక ఆలోచనా వచ్చింది.

“నేల మీద బల్లేసి నడమంటే ఏ కుక్క నడుస్తాది బాబూ? మా పేటలో గజ్జికుక్కైనా నడవదు. కింద నీరుండాల, మీద గాలి కొట్టాల. అప్పుడు గదా దానికి సరదా!”

“నీళ్ళెక్కడినించి తేనే?”

“గెడ్డలో ఉన్నాది గదా! దేవుడిచ్చిన నీరు. దానికి మంజూరు అక్కర్నేదు.”

జగన్నాధం గారు లేచి నిలబడ్డాడు. ఆ సాయంత్రానికల్లా బి.డి.ఓ. గారు గెడ్డ ఒడ్డున నిలబడి “బ్యూటిఫుల్!” అన్నారు. మన్యం నుంచి గుగ్గిలం దుంగలు దిగాయి. సన్నటి పలకైతే కుక్క వెనక్కి తిరగలేదు గనక వెడల్పు చేశారు. నీళ్ళలో పడిపోకుండా రెండువైపులా కమ్మీలు కట్టారు. కాళ్ళు జారకుండా బల్లల మీద గాట్లు పెట్టారు. ఇన్నాళ్ళూ అసాధ్యమని కాళ్ళరిగేలా తిప్పిన పని, వారం తిరక్కుండా, చమురు వాసనతో నిగనిగలాడుతూ లేచి నిలబడింది. సీజరు గారు దాని మీద అటూ ఇటూ పరుగులు తీశారు. మనోవ్యాధి మాయమైంది.

మర్నాడు పొద్దున్నే దాలమ్మ తట్టతో వచ్చింది. కాపలా ఉన్న నూకయ్య కర్ర అడ్డం పెట్టాడు. “ఏటే, ఇది కుక్క సామాను. మడుసులు తొక్కకూడదంట,” అన్నాడు. అక్కడే ఉన్న జగన్నాధం గారు కూడా అవునన్నట్టు తలూపాడు.

దాలమ్మ తట్ట దించలేదు. “బాబూ, సీజరు బాబు నడిసే ముందు బల్ల గట్టిగా ఉందో నేదో ఎవులైనా సూసినారేటి? రేత్తిరి పోటుకి కిందన ఏటి కదిలిపోనాదో! బల్ల ఇరిగి ఆ కుక్క గెడ్డలో పడిపోతే మీ ఉజ్జోగం ఏటవుతాది?”

జగన్నాధం గారు వంగి బల్లల కిందకి తొంగి చూశాడు.

“నానున్నాను, నెత్తి మీద తట్టున్నాది. కుక్క కన్నా బరువే. ఓపాలి నడిసి సూపించమంతారా? ఒచ్చీటప్పుడు కాళీ తట్టతో ఇంకోపాలి సూపిస్తాను.”

అయ్యా, దాన్ని ఇంగ్లీషులో లోడు టెస్టు అంటారు! జగన్నాధం గారు చదువుకున్న చదువులో ఆ మాట ఉంది. ఉద్యోగం కాపాడే మాట, పైగా ఇంగ్లీషు మాట. నూకయ్య కర్ర తీశాడు. దాలమ్మ కాళ్ళు తడవకుండా గెడ్డ దాటింది. అవతలి ఒడ్డుకి చేరాక వెనక్కి తిరిగి చూసుకుంది. ఏడుపొచ్చేసింది. ఇంత చిన్న సుఖం కోసం ఇన్నాళ్ళు ఎంతమంది కాళ్ళు పట్టుకుందో తలుచుకుంటే ఎవరికైనా వస్తుంది.

అది మొదలు పేటంతా సీజరు గారి సేవలో మునిగింది. చేపల తట్టలు లోడు టెస్టు చేశాయి. బడిపిల్లలు పలకలతో లోడు టెస్టు చేశారు. ఒక పెళ్ళివారు సన్నాయి మేళంతో సహా, వధూవరులతో సహా లోడు టెస్టు చేశారు. పురుటి నొప్పులొచ్చిన నీలవేణిని నులకమంచం మీద ఆస్పత్రికి మోసుకుపోతున్నవాళ్ళు కూడా, నూకయ్య అడిగితే, “సీజరు బాబుగోరి బల్ల టెస్టు సేస్తన్నాం, బేగి దారియ్యరా బాబూ,” అన్నారు. నీలవేణికి మగపిల్లాడు పుట్టాడు. కుక్క ధర్మమా అని తల్లీ బిడ్డా బతికారు.

ఇప్పుడు చెప్పండి, జాతికుక్క వరమా, కాదా? ఎక్కడైనా ఒక బల్ల వదులైతే దాలమ్మ ఆఫీసుకి కబురు పెట్టేది. తన కాలు ఇరుక్కుందని కాదు, సీజరు బాబు గోరు ఇరుక్కుంటుందని. ఎల్లాజీ ఉలీ సుత్తీ పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాడు. దాలమ్మ చేపలు ఊళ్ళో అందరికన్నా ముందు అమ్ముడుపోయాయి. ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలిగింది.

కాని, మహాశయులారా, ఆఫీసర్లకి బదిలీ అనేదొకటి ఉంటుంది. బి.డి.ఓ. గారికి గోదావరి అవతలెక్కడికో బదిలీ అయింది. లారీ వచ్చింది. కుర్చీలెక్కాయి, బీరువా ఎక్కింది, తారుడ్రమ్ము, అడ్డకర్రలు, ఏటవాలు బల్ల కూడా ఎక్కాయి. ఆఖరికి ఎల్లాజీని వెంటబెట్టుకుని జగన్నాధం గారు గెడ్డ దగ్గరికి వచ్చాడు.

దాలమ్మ వంతెన మధ్యలో కూర్చుంది. “ఏటి బాబూ, దీన్ని కూడా ఊడదీసేస్తారా?”

“నేనేం చేసేదే? కుక్క కోసం చేయించింది గదా. కుక్క సామాను కుక్కతోనే పంపించమన్నారు.” అన్నాడాయన.

“అలగే పట్టుకెల్లండి. కుక్కకి సేసినవన్నీ పట్టుకెల్లండి, నానొద్దన్ను. మడుసుల కోసం సేసిన సామానేటుందో ఒక్కటి సూపించీసి మరీ ఎల్లండి,” అంది దాలమ్మ.

జగన్నాధం గారు నిజంగానే చుట్టూ చూశాడు. ఇసుక ఉంది, గెడ్డ ఉంది, సముద్రం ఉంది. వాటిలో ఏదీ సమితి వేయించింది కాదు. తల వంచుకుని ఎల్లాజీకి సైగ చేశాడు. దాలమ్మ లేచి పక్కకి జరిగింది. ప్రభుత్వోద్యోగితో ఎంతసేపని దెబ్బలాడుతుంది? సాయంత్రానికి గెడ్డ మళ్ళీ బోసిపోయింది. జీపు కదులుతుంటే సీజరు గారు మాత్రం వెనక్కి తిరిగి దాలమ్మ వైపు చూసి మొరిగారట. బదిలీ మీద పోతూ ఆ ఊరివాళ్ళని అలా తలుచుకున్న ఉద్యోగి మరొకరు లేరు.

కొన్నాళ్ళకి కొత్త బి.డి.ఓ. గారు వచ్చారు. సమితి ఆఫీసు ముందు పందిరి వేసి, బంతిపూల దండలు వేసి, జనమంతా గుమిగూడారు. ప్రెసిడెంటు గారు స్వాగతం చెబుతుండగానే దాలమ్మ ఖాళీ తట్ట చంకన పెట్టుకుని జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

“బాబూ, తవఁరికి కుక్కుందా?” అని అడిగింది.

పేటవాళ్ళందరూ మెడలు సాచారు. కొత్త ఆఫీసరు గారు పకపకా నవ్వి ఛాతీ విరుచుకున్నారు. “లేదమ్మా! కుక్కలూ గిక్కలూ నాకు గిట్టవు. నేను వచ్చింది ప్రజల కోసం. నా ధ్యాసంతా ప్రజల మీదే!” అన్నారు.

చప్పట్లు మారుమోగాయి. దాలమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు. “ఓలమ్మో! అయితే ఇంకేటి, వంతెన నేనట్టే,” అని చీర పైకి దోపుకుని గెడ్డలోకి దిగింది.