జగన్మోహన్ గారి రక్షణ రహస్యం

అమెరికా నౌకాదళాన్ని ఒంటిచేత్తో నడుపుతున్నది జగన్మోహన్ గారేనన్న సంగతి, 1985 నాటికి వర్జీనియా తీరంలోని తెలుగువారిలో వివాదాలకు అతీతంగా స్థిరపడిపోయింది. ఆయన యుద్ధనౌకలు కట్టే యార్డులో ఇంజనీరు. అక్కడ ఏం చేస్తారని ఏ విందులో ఎవరడిగినా, చేతిలోని మజ్జిగ గ్లాసు కింద పెట్టి, కిటికీ వైపు ఓసారి చూసి, "చెప్పకూడదండీ, సీక్రెట్" అనేవారు. అడిగినవారు ఆ జవాబుకే పులకించి ఇంటికెళ్ళేవారు.

ఆయన చూసేది నౌకల్లోని మరుగుదొడ్ల పైపులు. ఈ రక్షణ రహస్యం ఆయనకూ, భార్య శశికళకూ, అమెరికా ప్రభుత్వానికీ మాత్రమే తెలుసు. పని చెడ్డదేమీ కాదు. కానీ పెళ్ళిచూపుల్లో మామగారితో క్షిపణులని చెప్పేసిన మనిషి ఇప్పుడు కిందికి దిగడం ఎలా? పైగా వచ్చే నెల తెలుగు సంఘం ఎన్నికలు. అధ్యక్ష పదవి ఆయన కోసమే చాపేసుకుని కూర్చుంది.

ఆ వసంతంలో యార్డువారు కుటుంబాల సందర్శన దినం పెట్టారు. జగన్మోహన్ గారు సంఘాన్నంతటినీ పులిహోర డబ్బాలతో సహా నౌక ఎక్కించి, తనకే సంబంధమూ లేని ఫిరంగులన్నీ చూపించారు. అంతలో ఓ కుర్ర అధికారి గబగబా వచ్చాడు. వెనకవైపు టాయిలెట్లు పూడుకుపోయాయి, ఒక్కసారి వచ్చి చూడండని చెప్పాలని అతని తాపత్రయం. రెండో మాట బయటికి రాకముందే జగన్మోహన్ గారు అతణ్ని ఫిరంగి చాటుకు లాక్కెళ్ళి, చెవిలో "తర్వాత, తర్వాత" అని పంపేశారు. తిరిగొచ్చి, "రష్యావాళ్ళ గొడవ" అని నిట్టూర్చారు. ఆ తర్వాత టాయిలెట్లు బాగుచేయించే సంగతే మరిచిపోయారు.

నౌక సముద్రం మీదికి వెళ్ళింది. ఓ తెల్లవారుజామున ఆ కుర్రవాడు కనబడలేదు. కొన్నాళ్ళకు శవం తేలింది. దేశమంతటా గూఢచారుల జ్వరం కాస్తున్న రోజులవి. అతనికేదో రహస్యం తెలిసిపోయిందనీ, అందుకే ఎవరో తోసేశారనీ పత్రికలు తేల్చేశాయి. సంఘం కార్యదర్శి భాస్కర్‌కు దేశభక్తి ఉప్పొంగి, ఫిరంగి చాటు గుసగుసల గురించి ప్రభుత్వానికి ఫోన్ చేశాడు. అధ్యక్ష పదవికి రెండో అభ్యర్థి భాస్కరే కావడం కేవలం యాదృచ్ఛికం.

దర్యాప్తు అధికారులు వచ్చేసరికి జగన్మోహన్ గారింట్లో సత్యనారాయణ వ్రతం. హాలు నిండా జనం. "ఆ రోజు అతనితో ఏం మాట్లాడారు?" అని అడిగారు.

"చెప్పలేను."

"చెప్పకపోతే గూఢచర్యం, హత్య కూడా. జీవితాంతం జైలు."

జగన్మోహన్ గారు చుట్టూ చూశారు. అందరి కళ్ళలోనూ భయం, ఆ భయం వెనక బోలెడంత భక్తి. "మనవాడండీ! ఎంత పైకొచ్చాడో!" అని ఎవరో గుసగుసలాడారు. ఆయన హుందాగా రెండు చేతులూ బేడీల కోసం చాపారు.

శశికళ పీటల మీంచి లేచింది. "ఏం మనిషండీ మీరు! జైలుకు పోతూ కూడా పరువేనా? ఆఫీసర్, హి డజ్ టాయిలెట్స్! ఓన్లీ టాయిలెట్స్! ఆ అబ్బాయి వచ్చింది అవి పూడుకుపోయాయని చెప్పడానికే. ఆ సాయంత్రం ఈయనే నాతో చెప్పి నవ్వారు."

అధికారులు ముఖముఖాలు చూసుకున్నారు. లోపల టాయిలెట్లు పనిచేయక, ఒంటికి పోసుకోవడానికి కుర్రవాడు చీకట్లో నౌక అంచున నిలబడ్డాడు. ఓ అల వచ్చింది. గూఢచారి లేడు, కుట్రా లేదు.

జగన్మోహన్ గారన్న "తర్వాత" ఆయన చెవిలోనే మోగింది. అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చారు. పదవి పోయినందుకని అందరూ అనుకున్నారు.

ఆయన చేత్తో పెట్టిన ప్రసాదం ఆ రోజు ఎవరూ ముట్టలేదు. కొందరు షుగరన్నారు, కొందరు ఉపవాసమన్నారు. భాస్కర్ ఏకగ్రీవంగా ఎన్నికై, "సోదర సోదరీమణులారా, ఆయన గూఢచారే అయినా మనం గుండెల్లో పెట్టుకునేవాళ్ళం. కానీ పాయిఖానాలా! మన జాతి పరువేం కావాలి?" అని గద్గద స్వరంతో ప్రశ్నించాడు. హాలు చప్పట్లతో మారుమోగింది.

చనిపోయిన కుర్రవాడి పేరేమిటని మాత్రం ఎవరూ అడగలేదు. తప్పుపట్టడం లేదు గానీ, ఇంతసేపూ చదివిన మీరూ అడగలేదు.