వసారా స్తంభాన్ని కాపాడిన విధం

నాగరికత అంటే మరేమీ కాదు, ఎవరి ఇల్లు కూలాలన్నా ఆ సంగతి ముందుగా ఒక కార్యాలయానికి తెలిసి ఉండటమే. ఖొరెజ్మ్ సీమలో, కోటగోడ లోపలి పాత ఊళ్లో కాపురముంటున్న మత్యాకూబ్‌కు ఈ సత్యం జుట్టు నెరిశాక గాని బోధపడలేదు. అంతవరకూ ఆయన, ఇల్లు అందులో ఉండేవాడిదనే మోటు నమ్మకంతోనే బతికేశాడు.

మత్యాకూబ్ ట్రాలీబస్సు నడిపి విశ్రాంతి పుచ్చుకున్న మనిషి. ఆ విశ్రాంతి ఆయన ఒంటికి పడలేదు. కుళాయి కారితే ఆయనే, గొళ్లెం ఊడితే ఆయనే. ఫోనులో ఎవరో ఏదో బిగించి చూపిస్తే, తన ఇంట్లో అది వదులుగా ఉందేమోనని వెతికేవాడు. ఆయన ఒకసారి బాగుచేసిన వస్తువు మళ్లీ చెడేది కాదు. (ఆయన భార్య సనోబర్ దాన్ని మళ్లీ వాడేది కాదు.)

ఆ ఇంటికి ఉత్తరపు గాలి పట్టుకోవడానికి కట్టిన ఎత్తైన వసారా ఉంది. దాని కప్పు బరువంతా ఒకే ఒక్క స్తంభం మీద. మత్యాకూబ్ ముత్తాత గుజుం చెట్టు మానును తన చేత్తో చెక్కి, అడుగు నుంచి పైదాకా దానిమ్మ పువ్వులు పూయించాడు. ఒక పువ్వుకు మాత్రం సగం రేకులే ఉంటాయి. ముత్తవ్వకు నొప్పులొస్తున్నాయని కబురొస్తే ఉలి కింద పెట్టి లోపలికి పరుగెత్తాడట. కొడుకు పుట్టిన సంతోషంలో ఇక పువ్వు సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఒక వసంతకాలపు ఉదయం సనోబర్ వసారా ఊడుస్తూ, స్తంభం మొదట్లో సన్నటి మట్టి చార పైకి పాకడం చూసింది. మొగుణ్ని పిలిచింది. మత్యాకూబ్ వచ్చి బొటనవేలితో నొక్కాడు. వేడి రొట్టెలోకి దిగినట్టు వేలు లోపలికి దిగిపోయింది.

"ఇక నొక్కకు, పిల్లల నాన్నా," అంది సనోబర్ కప్పు వంక చూస్తూ. "ఇప్పుడు ఇల్లు నీ వేలి మీదే ఆగిందేమో."

"చెదలు. ఓ సూది, కాస్త మందు. సాయంత్రానికల్లా అయిపోతుంది."

"స్నానాల గదికీ సాయంత్రమే అన్నావు. ఏ ఏడాది సాయంత్రమో చెప్పలేదు. ఇది మీ ముత్తాత చెయ్యి. ఈ ఒక్కసారికీ ఎవరినన్నా అడిగి చెయ్యవయ్యా."

మత్యాకూబ్ అడిగాడు. ఆయన చేసిన తప్పల్లా అదే.

చెయ్యమని అడిగితే ఏడాది పట్టే కార్యాలయాలు, వద్దని చెప్పడానికి మాత్రం మధ్యాహ్నానికే వస్తాయి. దారు సంపద సంరక్షణ కార్యాలయం నుంచి పరిశీలకుడు బెగ్మురాద్ సాబిరొవిచ్ వచ్చాడు. చెప్పులు విప్పాడు, స్తంభం ముందు ఒక క్షణం తల వంచాడు, తర్వాత మత్యాకూబ్ చేతిలోని సూదిని చూసి ముఖం ముడుచుకున్నాడు.

"దీన్ని పొడుద్దామనే?"

"మందు ఎక్కిద్దామనండి. లోపల చెదలు తినేస్తున్నాయి."

"అన్నా, ఇది జాతి సంపద. దీనికి గుండుసూదంత బెజ్జం పెట్టినా నేరమే."

"అవి లోపలంతా బెజ్జాలే పెట్టాయి కదండీ?"

"నిబంధనలు పౌరులకండీ, పురుగులకు కాదు," అన్నాడు బెగ్మురాద్ ఓపిగ్గా. "మీరు పౌరులు. దానికి సంతోషించండి."

పురుగుల సంగతి గృహ కీటక నిర్మూలన శాఖ చూసుకుంటుందని చెప్పి వెళ్లాడు. ఆ శాఖ నుంచి హుల్కర్ అనే ఆవిడ వీపున మందు డబ్బా తగిలించుకుని వచ్చింది. మంచి మనిషి. స్తంభం చుట్టూ తిరిగి చూసి, జాగ్రత్తగా దానికి మూరెడు దూరంలో నిలబడింది.

"ఎక్కడున్నాయి?"

"లోపల, అక్కా."

"లోపలంటే సంరక్షణ వాళ్ల పరిధి, తమ్ముడూ. నా మందు చుక్క దాని మీద పడితే నా ఉద్యోగం పోతుంది. బయటికి రమ్మను, చంపేస్తాను."

"రమ్మంటే వస్తాయా?"

"నీ ఇంట్లో పురుగులు నీ మాట వినకపోతే నా మాట వింటాయా?"

సనోబర్ టీ పెట్టింది. ముగ్గురూ స్తంభం వైపు తిరిగి కూర్చుని తాగారు. హుల్కర్ తన చిన్న కోడలి వంట గురించి చెప్పింది. టీ కుండ ఖాళీ అయ్యే వేళకు ఒక చెదపురుగు, దారి తప్పిందో ఏమో, నేల మీదికి వచ్చింది. హుల్కర్ లేచి, దాని మీద అరడబ్బా మందు కొట్టి, నిర్మూలన సంతృప్తికరంగా సాగుతున్నదని కాగితం రాసిచ్చి వెళ్లింది.

వేసవి ముదిరింది. స్తంభం ఒక పక్కకు ఒరిగింది. మత్యాకూబ్ కప్పు కింద ఇనుప గొట్టం ఒకటి ఊతగా పెట్టబోతే, బెగ్మురాద్ మళ్లీ వచ్చాడు.

"గొట్టం పెడితే రూపు చెడుతుందన్నా."

"కూలితే చెడదా?"

"కూలడం సహజ పరిణామం. గొట్టం మనిషి చేసే జోక్యం. రెంటికీ చాలా తేడా ఉంది."

పెద్దల సంఘం ఒకటి కూర్చుని, ఈ స్తంభంలో ఇప్పుడు కొయ్య కన్నా చెదలే ఎక్కువున్నాయనీ, వాటిని తొలగిస్తే బోలుగా మిగులుతుందనీ, బోలుగా మిగలడం మార్పు కిందికి వస్తుందనీ, కనుక ఉన్నది ఉన్నట్టే ఉంచాలనీ తీర్మానించింది. (కంచే చేను మేస్తే, చేను పచ్చదనమంతా కంచెకు వచ్చిందని సంతోషించడం కూడా ఒక దృష్టే.)

సనోబర్ మధ్యాహ్నం పూట ఆ వసారాలోనే, చల్లటి మూల, పరుపు వేసుకుని పడుకునేది. ఒకరోజు రొట్టెలు మాడుతున్న వాసన వచ్చి లేచి తందూరు దగ్గరికి పోయింది. ఆవిడ వంగి రొట్టె తీస్తుండగా వెనక దబ్బున చప్పుడైంది. కప్పులోంచి పుచ్చకాయంత మట్టిపెళ్ల ఊడి దిండు మీద పడింది. దిండు ఇంకా వెచ్చగా ఉంది.

మత్యాకూబ్ వచ్చి ఆ పెళ్లను చేతుల్లోకి తీసుకుని, దిండు పక్కనే చతికిలబడ్డాడు. ఎప్పుడూ ఏదో ఒకటి బిగిస్తూ ఉండే ఆ చేతులకు ఏం చెయ్యాలో తోచలేదు. సనోబర్ ఆయన ముందు రొట్టె పెట్టి, తనూ కూర్చుంది.

"అడగమన్నది నేనే," అంది. "ఇక అడక్కు."

సనోబర్ తమ్ముడు ఓతాజన్ పెరట్లో ఏనాడో కొట్టి ఆరబెట్టిన గుజుం మాను ఒకటుంది. అది రాత్రికి రాత్రే కాదు, పట్టపగలే, మేత బండిలో గడ్డి కింద దాక్కుని వచ్చింది. మిగిలిన వేసవంతా మత్యాకూబ్ పశువుల కొట్టంలో దాన్ని చెక్కాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఇరవై రకాల పనులు చేసిన చేతులే గాని, దానిమ్మ పువ్వు వాటికి కొత్త.

"ఉల్లిపాయలు బాగా వచ్చాయి బావా," అన్నాడు ఓతాజన్.

"పువ్వులవి."

"అలాగా. అక్కా, పువ్వులట."

సగం పువ్వును కూడా చెక్కాలని చూశాడు. నాలుగు రేకులయ్యాక ఉలి ఆపాడు. సగంలో ఆపడం సులువే, కాని ఆ ఆపడంలో పరుగు లేదు. దాన్ని చెక్కేసి నున్నగా చేసి వదిలేశాడు.

పక్కింట్లో పెళ్లి జరిగిన రోజు, డప్పులూ సన్నాయిలూ వీధిని హోరెత్తిస్తుండగా, బావా బావమరదులు ట్రాలీబస్సు లేపే జాకీలతో వసారా కప్పును ఎత్తి పట్టారు. పెళ్లికూతురు గుమ్మం దాటుతుంటే పాతది దిగింది. జనం ఈలలు వేస్తుంటే కొత్తది నిలబడింది. పాత స్తంభం మొదలు పిండైపోయింది గాని, పై సగం ఇంకా గట్టిగానే ఉంది. మత్యాకూబ్ దాన్ని పసిబిడ్డను మోసినట్టు కొట్టంలోకి మోసుకుపోయాడు. పుచ్చిన భాగం కోసేసి, మిగతాదానికి నిదానంగా మందు పట్టించి, పడకగదిలో తలాపున నిలుపుకుందామని ఆయన ఆశ. మందు కూడా తెచ్చి పెట్టుకున్నాడు.

శరదృతువులో బెగ్మురాద్ వార్షిక తనిఖీకి వచ్చేసరికి భార్యాభర్తల పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన స్తంభాన్ని వేలి కణుపుతో కొట్టాడు. ఠంగుమంది.

"చూశారా?" అన్నాడు బెగ్మురాద్, కళ్లు మెరుస్తుండగా. "ముట్టుకోకుండా వదిలేస్తే ఎలా కోలుకుందో చూశారా?"

"చూశామండి," అంది సనోబర్.

ఆయన ఉల్లిపాయల మీద ఆప్యాయంగా చెయ్యి వేశాడు. "ఆ కాలపు పనితనమే వేరు. ఈ రోజుల్లో ఇలాంటి పువ్వు ఎవరు చెక్కగలరన్నా?"

"ఎవరూ చెక్కరండి," అన్నాడు మత్యాకూబ్. ఓతాజన్ దగ్గొచ్చినట్టు పెరట్లోకి వెళ్లిపోయాడు.

స్తంభం మూడు తరాల కిందటి దుర్లభమైన శైలికి చెందినదని చెప్పే ఇత్తడి పలకను బెగ్మురాద్ సంచిలోంచి తీసి, జానెడేసి మేకులు నాలుగు దానికి దిగ్గొట్టి తగిలించాడు. (కార్యాలయం కొట్టిన మేకు బెజ్జం చెయ్యదు.) తర్వాత చేతులు కడుక్కుంటానని పెరట్లోకి వెళ్లాడు. కొట్టం తలుపు తీసి ఉంది.

"ఇదేమిటి?"

"పాత కొయ్యండి," అన్నాడు మత్యాకూబ్.

బెగ్మురాద్ దాన్ని బూటుతో ఒక్క తన్ను తన్నాడు. మొదట్లోంచి చెదలు బిలబిల బయటికొచ్చాయి. "రక్షిత స్తంభానికి పాతికడుగుల దూరంలో ఈ చెత్తా! మీకు బుద్ధుందా? ఇప్పుడే, నా కళ్లముందే కాల్చండి."

"పై సగం బాగానే ఉందండీ. మందుంది, నేనే పట్టించుకుంటాను..."

"సొంత వైద్యాలు వద్దన్నానా? లేదంటే చెప్పండి, ఈ కొయ్య మీకు ఎక్కణ్నుంచి వచ్చిందో రాసుకుంటాను."

మత్యాకూబ్ నోరు తెరిచాడు. ఆ కొయ్య ఎక్కణ్నుంచి వచ్చిందో ఆయన కన్నా బాగా తెలిసినవాడు ఆ ఊళ్లో లేడు. చెబితే కొత్త స్తంభాన్ని దించేస్తారు, కప్పు మళ్లీ ఆ దిండు మీదికి వస్తుంది. సనోబర్ ఆయన ముఖంలోకి చూసింది. ఆయన నోరు మూసుకుని గొడ్డలి తెచ్చాడు. ఓతాజన్ అందుకోబోతే ఇవ్వలేదు. తనే కొట్టాడు. పై సగానికి గొడ్డలి దిగడానికి చాలా సేపు పట్టింది.

ఇంటికొచ్చిన అధికారిని తినకుండా పంపే ఆచారం ఆ సీమలో లేదు. సనోబర్ ఆ మంట మీదే మూకుడు పెట్టి, మాంసం వేయించి, నిలువునా కోసిన క్యారెట్లు పరిచి పలావు వండింది. బెగ్మురాద్ చేతులు కడుక్కుని పళ్లేనికి ఒక పక్క కూర్చున్నాడు. ఆ పక్కనున్న మత్యాకూబ్ ఒక ముద్ద తీసుకుని, చాలా సేపు చేతిలోనే ఉంచుకున్నాడు.

బెగ్మురాద్ రెండోసారి వడ్డించుకుని, కళ్లు మూసుకుని నమిలాడు.

"వదినా, మీ చెయ్యి మంచిదే గాని, ఈ రుచి కట్టెది," అన్నాడు. "నాకు తెలుస్తుందిగా. బాగా పాత గుజుం." ఎముకను చీకి పళ్లెం అంచున పెట్టాడు. "ఇలాంటిది దొరికితే పొయ్యిలో పెట్టుకుంటారటండీ ఎవరైనా? కాపాడుకోవాలి గాని."